టెక్సస్ ఏ అండ్ ఎం 2022 రిక్రూటింగ్ క్లాసు: చరిత్రలోనే మొదటి ర్యాంకు, నాలుగేళ్ల తర్వాత మిగిలిందేమిటి?

కైల్‌ఫీల్డ్ కృష్ణ (కేటీ, టెక్సస్)

2022లో చేరిన కుర్రాళ్లకు నాలుగేళ్లు నిండాయి. ఒక రిక్రూటింగ్ క్లాసు (అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఒక ఏడాదిలో చేర్చుకున్న హైస్కూలు ఆటగాళ్ల బృందం) విలువ తేల్చడానికి ఇంతకంటే సరైన సమయం ఉండదు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కొత్తవారి కోసం కాస్త నేపథ్యం. 2021 అక్టోబరు 9న మా మైదానం కైల్ ఫీల్డ్‌లో అలబామాను 41-38తో ఓడించాం. ఆఖరి క్షణంలో సేత్ స్మాల్ కొట్టిన ఫీల్డ్ గోల్ గుర్తులేని ఆగీ (టెక్సస్ ఏ అండ్ ఎం) అభిమాని ఉండడు. ఆ ఊపులో డిసెంబరు, ఫిబ్రవరి సంతకాల రోజులు (హైస్కూలు కుర్రాళ్లు తాము ఎంచుకున్న కాలేజీకి సంతకం చేసే రోజులు) ముగిసేసరికి దేశంలో పేరున్న కుర్రాళ్లంతా మా విశ్వవిద్యాలయం ఉన్న కాలేజ్ స్టేషన్ దారి పట్టారు. డిఫెన్సివ్ లైన్‌లో (ఎదుటి జట్టు దాడిని అడ్డుకునే ముందు వరుస) వాల్టర్ నోలెన్, షెమార్ స్టూవర్ట్, లెబియస్ ఓవర్టన్, ఆంథనీ లూకస్, గేబ్రియెల్ బ్రౌన్లో-డిండీ. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) కానర్ వీగ్‌మన్. రిసీవర్లు (ఆ బంతి పట్టేవారు) ఎవాన్ స్టూవర్ట్, క్రిస్ మార్షల్. కార్నర్‌బ్యాక్ (ఎదుటి జట్టు రిసీవర్లను కాపు కాసేవాడు) డెన్వర్ హారిస్. అరడజనుకు పైగా ఫైవ్ స్టార్ (పరిశీలకులు ఇచ్చే అత్యున్నత శ్రేణి) ఆటగాళ్లు ఒకే ఏడాది చేరారు. రిక్రూటింగ్ క్లాసులకు ర్యాంకులిచ్చే 247స్పోర్ట్స్ కాంపోజిట్ పట్టికలో అలబామా, జార్జియాలను వెనక్కి నెట్టి మొదటి ర్యాంకు తెచ్చుకున్నాం. పైగా ఆ పట్టిక వేయడం మొదలైన నాటి నుంచి ఏ విశ్వవిద్యాలయానికీ రానన్ని పాయింట్లు. 1939 తర్వాత జాతీయ టైటిల్ చూడని జట్టుకు అది ఎంత పెద్ద ఆశో బయటివారికి చెప్పినా అర్థం కాదు.

ఆ శరదృతువులో ఏం జరిగింది? 2022 సెప్టెంబరు 10న సొంత మైదానంలో అపలాచియన్ స్టేట్ చేతిలో 17-14తో ఓడిపోయాం. ఆ తర్వాత అక్టోబరు, నవంబరుల్లో వరుసగా ఆరు ఓటములు. సీజను 5-7తో (అయిదు గెలుపులు, ఏడు ఓటములు) ముగిసింది. సీజను చివర మంచి జట్లు ఆడే బౌల్ ఆటకు కూడా అర్హత రాలేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ ర్యాంకు అబద్ధం కాదు. వచ్చిన కుర్రాళ్లలో ప్రతిభ నిజమే. వారిని తెచ్చే పనికి ఏళ్ల తరబడి పెట్టిన శ్రద్ధలో సగం కూడా నిలుపుకునే పనికి పెట్టలేదు. మీరు ఏమంటారు?

ఆస్టిన్ అరవింద్ (రౌండ్ రాక్)

కృష్ణ గారూ, నేను లాంగ్‌హార్న్ (ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం జట్టు) అభిమానినని అందరికీ తెలుసు. అయినా ఇది ఎగతాళి చేయడానికి రాయడం లేదు. మా కథ కూడా ఇలాంటిదే. 2018లో మూడో ర్యాంకు క్లాసు, 2019లో మళ్లీ మూడో ర్యాంకు. ఆ కుర్రాళ్లు పెద్దవాళ్లై జట్టును నడపాల్సిన 2021లో మేం 5-7. ఆ నవంబరులో ఆస్టిన్‌లోనే కాన్సస్ చేతిలో 57-56తో ఓడిన రాత్రి నేను స్టేడియంలో ఉన్నాను. ర్యాంకులను నమ్మి మోసపోయామన్న కోపం చాలా రోజులు ఉండిపోయింది.

కానీ 2022లో మా కోచ్ సార్కీసియన్ చేసిన పనిని మీ క్లాసు పక్కన పెట్టి చూడండి. మాది అయిదో ర్యాంకు. అందులో ఒఫెన్సివ్ లైన్‌మెన్ (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుసవాళ్లు) ఏడుగురు! పేపర్లలో ఫొటోలు పడని, హైలైట్ వీడియోలు లేని స్థానం అది. హ్యూస్టన్ దగ్గరి హంబుల్ కుర్రాడు కెల్విన్ బ్యాంక్స్ మొదట ఒరెగన్‌కు మాట ఇచ్చి, అక్కడి కోచ్ వెళ్లిపోవడంతో మా దగ్గరికి వచ్చాడు. వచ్చిన రోజు నుంచి లెఫ్ట్ టాకిల్ (ఆ వరుసలో ఎడమ చివర నిలబడేవాడు) అతనే. 2025 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్టులో (వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే ఏర్పాటు) తొమ్మిదో స్థానంలో వెళ్లాడు. ఆ లైను నిలబడ్డ 2023, 2024 సీజన్లలో మేం రెండుసార్లూ ప్లేఆఫ్ (జాతీయ టైటిల్ తేల్చే పోటీ) సెమీఫైనల్ ఆడాం.

మీరు డిఫెన్సివ్ లైన్‌లో అయిదుగురు మహామహులను ఒకేసారి తెచ్చారు. ఆ అయిదుగురూ మొదటి ఏడాదే ఆడాలనుకుంటారు. అందరికీ ఆట దొరకదు కదా. పట్టిక ఇది చూడదు.

కొత్త ఆగీ (కాలేజ్ స్టేషన్)

నమస్కారం అండీ. నేను ఎం.ఎస్.కు వరంగల్ నుంచి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. కైల్ ఫీల్డ్‌లో లక్షమంది ఒక్కసారిగా ఊగుతుంటే కింద సిమెంటు కదిలింది. ఆ రోజు నుంచి ఈ ఆట వదలలేకపోతున్నాను. ఒక సందేహం. ఈ క్లాసు ర్యాంకు ఎవరు, ఎలా ఇస్తారు? మన ఎంసెట్ ర్యాంకులాంటిదేనా?

గణాంకాల గోపాల్ (రాలీ, నార్త్ కరోలినా)

తమ్ముడూ, ఎంసెట్ పోలిక దగ్గరే మొదలుపెడదాం, తేడా బాగా తెలుస్తుంది. ఎంసెట్‌లో పరీక్ష రాసినవాడి మార్కులే వాడి ర్యాంకు. ఇక్కడ ఏ పరీక్షా లేదు. 247స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ లాంటి సంస్థల పరిశీలకులు హైస్కూలు ఆటల వీడియోలు చూస్తారు, వేసవి శిబిరాలకు వెళ్తారు, ఎత్తు, బరువు, పరుగు కొలుస్తారు. పదహారు, పదిహేడేళ్ల కుర్రాడు ఇరవై రెండేళ్లకు ఎలాంటి ఆటగాడవుతాడో ఊహించి ఒక అంకె వేస్తారు. అంటే ఇది జరిగినదానికి ఇచ్చే మార్కు కాదు, జరగబోయేదాని అంచనా. ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్టు మొదటి రౌండులో 32 మంది ఉంటారు కాబట్టి ఫైవ్ స్టార్లను కూడా ఏడాదికి సుమారు అంతమందికే పరిమితం చేస్తారు.

వేర్వేరు సంస్థల అంకెలను కలిపి వేసేదే కాంపోజిట్. జట్టు మొత్తానికి పాయింట్లు లెక్కించేటప్పుడు అందరిలో మేటి ఆటగాడి అంకె పూర్తిగా కలుస్తుంది. తర్వాతివారి అంకెలు క్రమంగా తగ్గుతూ కలుస్తాయి. దానివల్ల పాతికమంది సాధారణ ఆటగాళ్లను తెచ్చి ర్యాంకు పెంచుకోవడం కుదరదు. బాగా ఆలోచించి కట్టిన సూత్రమే.

అరవింద్ గారు చెప్పిన లోపం మాత్రం నిజం. లైన్‌మన్ అయినా, రిసీవర్ అయినా, కిక్కర్ అయినా సూత్రానికి అంకె ఒక్కటే. జట్టుకు ఏ స్థానంలో కొరత ఉందో దానికి తెలియదు. ఇంకో పెద్ద లోపం: సంతకాలు ముగిశాక ఆ అంకె కదలదు. 2022 క్లాసులో సగం మంది వెళ్లిపోయినా పట్టికలో టెక్సస్ ఏ అండ్ ఎం ఇప్పటికీ మొదటి స్థానంలోనే ఉంటుంది.

కొత్త ఆగీ

చాలా వివరంగా చెప్పారు అన్నా, ధన్యవాదాలు. మరి వెళ్లిపోయినవారు ఎందుకు వెళ్లారు? డబ్బు కోసమేనా?

కైల్‌ఫీల్డ్ కృష్ణ

ఈ ప్రశ్న దగ్గరే చాలామంది ఆగీలు తొందరపడి తీర్పులు ఇచ్చేస్తారు. వెళ్లినవారిని రెండు విడతలుగా చూడాలి.

మొదటి విడత 5-7 సీజను ముగియగానే. హారిస్ ఎల్ఎస్‌యూకు, మార్షల్ ఓల్ మిస్‌కు, లూకస్ యూఎస్‌సీకి వెళ్లారు. ఒక్క సీజను కూడా కుదురుగా ఉండలేదు. ఇక్కడ తప్పు రెండు వైపులా ఉంది. లాకర్ గదిలో కట్టుబాటు లేదని ఆ శరదృతువులోనే బయటికి తెలిసిపోయింది.

రెండో విడత వేరు. 2023 నవంబరు 12న జింబో ఫిషర్‌ను తొలగించారు. ఒప్పందం ప్రకారం ఆయనకు చెల్లించాల్సింది 7.6 కోట్ల డాలర్లకు పైమాటే. కాలేజీ ఫుట్‌బాల్ ఎన్నడూ చూడని మొత్తం అది. తమను ఇళ్లకు వచ్చి, తల్లిదండ్రులతో మాట్లాడి తీసుకొచ్చిన కోచ్ పోయాక నోలెన్ ఓల్ మిస్‌కు, ఓవర్టన్ అలబామాకు, ఎవాన్ స్టూవర్ట్ ఒరెగన్‌కు వెళ్లారు. వీరిని ద్రోహులనడం నాకు నచ్చదు. విశ్వవిద్యాలయం కోచ్‌ను మార్చుకోవచ్చు గానీ కుర్రాడు బడి మార్చకూడదంటే ఎలా?

ఫ్రిస్కో అమ్మ

కృష్ణ గారూ, చివరి వాక్యానికి నమస్కారం. నేను ఆట సూత్రాలు తెలిసినదాన్ని కాదు గానీ ఈ ఒక్క విషయం మీద రాయాలనిపించింది.

ఎవాన్ స్టూవర్ట్ మా ఊరి కుర్రాడే, ఫ్రిస్కో లిబర్టీ హైస్కూలు. మా అమ్మాయి అప్పట్లో ఫ్రిస్కోలోనే మరో హైస్కూలు బ్యాండులో క్లారినెట్ వాయించేది. శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో వంట ఉండేది కాదు, అందరం ఆటకే. ఎన్ఎఫ్ఎల్ జట్టు కౌబాయ్స్ సాధన చేసే ఫోర్డ్ సెంటర్‌లో పన్నెండు వేల సీట్లు ఉంటాయి. అక్కడ బడి పిల్లలు ఆడతారు! ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. బ్యాండులో, డ్రిల్ జట్టులో మన పిల్లలు బోలెడుమంది. మైదానంలో మాత్రం తక్కువే.

ఆ రోజుల్లో స్టూవర్ట్ ఏ విశ్వవిద్యాలయం టోపీ పెట్టుకుంటాడన్నది ఊరంతటికీ చర్చే. పదిహేడేళ్ల పిల్లవాడు. కిరాణా కొట్టులో పెద్దవాళ్లు అతని నిర్ణయం గురించి వాదించుకోవడం నేను చెవులారా విన్నాను. వెళ్లిన మొదటి ఏడాదే జట్టులో అందరికంటే ఎక్కువ బంతులు పట్టాడు. ఆ జట్టు ఓడిపోతున్న ఏడాది. అయినా అతను వెళ్లిపోయిన రోజు ఇంటర్నెట్‌లో రాసిన మాటలు ఏ తల్లీ చదవకూడనివి. 2025 సీజను మొత్తం గాయంతో ఆడలేకపోయాడు. అప్పుడు కూడా సంతోషించినవాళ్లున్నారు. మీరు ఎంత పెద్ద అభిమానులైనా సరే, దయచేసి ఆ పని చేయకండి.

నిర్వాహకుడు

ఫ్రిస్కో అమ్మ గారి మాటను ఈ చర్చకు నియమంగా పెడుతున్నాను. ఆట గురించి, కోచ్‌ల నిర్ణయాల గురించి ఎంతైనా విమర్శించండి. కుర్రాళ్ల కుటుంబాల జోలికి, గాయాల జోలికి వెళ్లిన పోస్టులు తొలగిస్తాను.

బుల్‌డాగ్ బాబాయి (అల్ఫారెటా, జార్జియా)

పిల్లలూ, మంచి చర్చ. మా జార్జియా అనుభవం కూడా వినండి.

2018లో మాది మొదటి ర్యాంకు, 2020లో కూడా. టైటిల్ ఎప్పుడు వచ్చింది? 2021 సీజనులో. 1980 తర్వాత అదే మొదటిది. అంటే ఒక క్లాసు వచ్చి కప్పు తేలేదు. నాలుగైదు క్లాసులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాక వచ్చింది. 2022 డ్రాఫ్టు మొదటి రౌండులో మా డిఫెన్స్ నుంచి అయిదుగురు వెళ్లారు. ట్రెవాన్ వాకర్ ఏకంగా మొదటి స్థానంలో వెళ్లాడు. అతను ఫైవ్ స్టార్. అతని పక్కన నిలబడి మధ్యలో దారి మూసేసిన జోర్డన్ డేవిస్ త్రీ స్టార్! నాలుగేళ్లు అక్కడే ఉండి, బరువు తగ్గించుకుని, పనితనం నేర్చుకుని మొదటి రౌండుకు చేరాడు. క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెనెట్ మొదట స్కాలర్‌షిప్ కూడా లేకుండా చేరినవాడు.

ఇక్కడ కాలం కూడా చూడాలి. 2021 ఏప్రిల్ దాకా బడి మారితే ఒక ఏడాది ఆట మానుకుని కూర్చోవాల్సి వచ్చేది. దానివల్ల కుర్రాళ్లు ఓపికగా తమ వంతు కోసం ఆగేవారు. ఆ నిబంధన పోయిన వెంటనే, అదే ఏడాది జులై 1 నుంచి పేరు, ఫొటోల మీద డబ్బు సంపాదించుకునే హక్కు వచ్చింది. ఈ రెండు తలుపులూ తెరుచుకున్నాక వచ్చిన మొదటి పెద్ద క్లాసు మీ 2022దే. పాత పద్ధతిలో కుర్రాళ్లను పోగుచేశారు, కొత్త లోకంలో వారు మిగల్లేదు. మీ పరిస్థితిలో మా కోచ్ కిర్బీ స్మార్ట్ ఉన్నా ఇబ్బంది పడేవాడేమో.

ఆస్టిన్ అరవింద్

బాబాయి గారూ, మిగతాదంతా ఒప్పుకుంటాను, ఆఖరి మాట ఒప్పుకోను. అదే లోకంలో అలబామా, జార్జియా, ఒహాయో స్టేట్ తమ 2022 కుర్రాళ్లతో బాగానే నెగ్గుకొచ్చాయి. ఫిషర్ తన ఆటల వ్యూహం 2022లో తనే చూసుకున్నాడు, వేరే వారికి అప్పగించింది 2023లో బాబీ పెట్రినో వచ్చాకే. చేతిలో ఎవాన్ స్టూవర్ట్ లాంటి రిసీవర్, డెవాన్ అచేన్ లాంటి రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) ఉండి అపలాచియన్ స్టేట్ మీద 14 పాయింట్లకే ఆగిపోతే అది నిబంధనల తప్పా?

కైల్‌ఫీల్డ్ కృష్ణ

అది నిబంధనల తప్పు కాదు. పూర్తిగా కోచ్‌ల తప్పు. ఆ రోజు స్టాండ్స్‌లో ఉన్నవాడిగా చెబుతున్నాను, నాలుగో క్వార్టర్‌లో మా డిఫెన్స్ కుర్రాళ్లు నిలబడలేని స్థితిలో ఉన్నారు. అపలాచియన్ స్టేట్ బంతిని వదలకుండా నెమ్మదిగా ఆడింది, మన ఒఫెన్స్ మైదానంలోకి వచ్చినంత వేగంగా బయటికి పోయింది.

ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. ఆ డిఫెన్సివ్ లైన్ కుర్రాళ్లను తేవడంలో భాగమైన డిఫెన్స్ కోఆర్డినేటర్ మైక్ ఎల్కో సంతకాల రోజుకు కొద్ది రోజుల ముందే, 2021 డిసెంబరులో, డ్యూక్ ప్రధాన కోచ్‌గా వెళ్లిపోయాడు. అంటే ఆ కుర్రాళ్లు ఎవరి పద్ధతి నచ్చి వచ్చారో ఆయన లేకుండానే మొదటి రోజు అడుగుపెట్టారు. రెండేళ్ల తర్వాత 2023 నవంబరులో ఆయనే మన ప్రధాన కోచ్‌గా తిరిగొచ్చాడు. అప్పటికి ఆలస్యమైంది.

గణాంకాల గోపాల్

డబ్బు గురించి కొత్త తమ్ముడు అడిగింది మధ్యలో ఆగిపోయింది, పూర్తిచేస్తాను.

2022 ఆరంభంలో ఈ క్లాసు కోసం దాతలు మూడు కోట్ల డాలర్ల దాకా పోశారని ఇంటర్నెట్‌లో ఒక వదంతి బయలుదేరింది. ఫిషర్ విలేఖరుల ముందే దాన్ని గట్టిగా ఖండించాడు. అదే ఏడాది మే నెలలో అలబామా కోచ్ నిక్ సేబన్, ఏ అండ్ ఎం తన ఆటగాళ్లందరినీ కొనుక్కుందని బహిరంగంగా అన్నాడు. మర్నాడే ఫిషర్ విలేఖరులను పిలిచి సేబన్ మీద నిప్పులు చెరిగాడు. సేబన్ తర్వాత ఒక జట్టు పేరు ఎత్తి అలా అనకుండా ఉండాల్సిందన్నాడు. ఏ కుర్రాడికి ఎంత ముట్టిందన్న లెక్క బయటికి రాలేదు, కాబట్టి ఆ మొత్తాల మీద వాదించడం వృథా.

ఇప్పుడైతే పరిస్థితి మారింది. 2025 జులై 1 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో విశ్వవిద్యాలయానికి అన్ని క్రీడలకూ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్ల పరిమితి. కొన్ని మినహాయింపులు పోను ఫుట్‌బాల్ జట్టులో 105 మందికి మించి ఉండకూడదు. ఆ పరిమితుల మధ్య, ఇంకా ఒక్క కాలేజీ ఆట కూడా ఆడని పదిహేడేళ్ల కుర్రాడి మీద ఎంత పెట్టాలి, వేరేచోట రెండేళ్లు ఆడి నిరూపించుకున్నవాడి మీద ఎంత పెట్టాలి అన్నది ప్రతి కోచ్‌కూ రోజువారీ ప్రశ్న. హైస్కూలు క్లాసు ర్యాంకు ఒక్కటే చూస్తే మీకు సగం జట్టే కనిపిస్తుంది.

హౌడీ హరిత (కాలేజ్ స్టేషన్)

గోపాల్ గారు అన్న ఆ మిగతా సగాన్ని మేము 2025లో కళ్లతో చూశాం.

నవంబరు 15, సౌత్ కరోలినా ఆట. సగం ఆట అయ్యేసరికి 30-3తో వెనకబడి ఉన్నాం. నా ముందు వరుసలో వాళ్లు లేచి వెళ్లిపోయారు. రెండో సగంలో అవతలివాళ్లకు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా 31-30తో గెలిచాం. గొంతు వారం దాకా రాలేదు. ఆ రోజు మైదానంలో ఎవరున్నారో చూడండి. క్వార్టర్‌బ్యాక్ మార్సెల్ రీడ్, నాష్‌విల్ కుర్రాడు, 2023 క్లాసు. 5-7 సీజను దెబ్బకు మొదటి పది ర్యాంకుల్లో కూడా లేని క్లాసు అది. రిసీవర్ కేసీ కన్సెప్షన్ నార్త్ కరోలినా స్టేట్ నుంచి, మారియో క్రేవర్ మిసిసిపి స్టేట్ నుంచి వచ్చారు. డిఫెన్స్‌లో అందరినీ హడలెత్తించిన కేషియస్ హవెల్ కాలేజీ ఆట మొదలుపెట్టింది బౌలింగ్ గ్రీన్‌లో. పెద్ద పట్టికల్లో ఎవరూ వెతకని చోటు అది.

ఈ జట్టే వరుసగా 11 గెలిచింది, మొదటిసారి ప్లేఆఫ్‌కు తీసుకెళ్లింది. మయామీతో 10-3తో ఓడిన రోజు నాకు ఏడుపు వచ్చింది. కానీ ఆ ఏడుపు 2022 నాటిది కాదని మా సీనియర్లు చెప్పారు. అప్పటిది సిగ్గుతో వచ్చిందట, ఇది దగ్గరదాకా వెళ్లి ఆగిపోయినందుకు.

ఇంకో విషయం, మన విద్యార్థులకు బాగా తెలిసేది. ఎఫ్-1 వీసా మీద ఉన్న ఆటగాళ్లకు ఈ డబ్బు దారి అంత సులువు కాదు. క్యాంపస్ బయట పని చేయడానికి మనకు ఉన్న ఆంక్షలే వారికీ ఉన్నాయి. పక్కవాడు ప్రకటనలో నటించి సంపాదిస్తుంటే, విదేశం నుంచి వచ్చినవాడు లాయర్‌ను అడగకుండా ఒక ఫొటోకు కూడా ఒప్పుకోలేడు. 2022 క్లాసులోనే స్వీడన్ నుంచి వచ్చిన టైట్ ఎండ్ థియో మెలిన్ ఓర్‌స్ట్రోమ్ ఉన్నాడు. అతని సొంత సంగతులు నాకు తెలియవు గానీ, ఆటలో ఇంత డబ్బు తిరుగుతున్నప్పుడు ఈ అన్యాయం గురించి మనలాంటి వాళ్లం మాట్లాడాలి.

కొత్త ఆగీ

హరిత అక్కా, వీసా మాట చదివి ఉలిక్కిపడ్డాను. ఆటగాళ్లకు కూడా మన నిబంధనలే వర్తిస్తాయని ఎన్నడూ తట్టలేదు.

బుల్‌డాగ్ బాబాయి

హరిత తల్లీ, బాగా రాశావు. అయితే అందరూ కలిసి ర్యాంకులను బావిలో పడేయకండి. బడ్ ఎలియట్ అనే పాత్రికేయుడు చాలా ఏళ్లుగా ఒక లెక్క కడుతున్నాడు. నాలుగేళ్ల హైస్కూలు క్లాసుల్లో ఫోర్ స్టార్, ఫైవ్ స్టార్ కుర్రాళ్లు సగానికి మించి ఉన్న జట్లే జాతీయ టైటిల్ గెలుస్తాయన్నది దాని సారం. ఏటా ఇరవై జట్లకు మించి ఆ గీత దాటవు. ఏళ్ల తరబడి ఆ లెక్క తప్పలేదు. మేము గెలిచినా, అలబామా గెలిచినా, ఒహాయో స్టేట్, మిషిగన్ గెలిచినా ఆ గీతకు పైనున్న జట్లే.

ఆస్టిన్ అరవింద్

తప్పింది బాబాయి గారూ! 2025 సీజను మరిచిపోయారా? ఇండియానా 16-0. ఆ గీతకు ఎంతో కింద ఉన్న జట్టు అది. కోచ్ కర్ట్ సిగ్నెటీ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (బడి మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి అనుభవం ఉన్నవాళ్లను ఏరి తెచ్చాడు. హైస్కూలులో పెద్ద విశ్వవిద్యాలయాలు పట్టించుకోని ఫెర్నాండో మెండోజా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఆడి, ఇండియానాకు వచ్చి, ఏటా మేటి కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ ఎత్తాడు. ఫైనల్లో మయామీని 27-21తో ఓడించారు. చరిత్రలో అత్యధిక ఓటములు ఉన్న జట్లలో ఒకటిగా పేరుపడ్డ బడి అది.

బుల్‌డాగ్ బాబాయి

మరచిపోలేదు. ఒక్కసారి తప్పింది కాబట్టి లెక్క పోయిందనడం తొందర. ఇండియానా దారిలో నడవాలని అందరూ అనుకుంటారు. కానీ పోర్టల్‌లో అనుభవజ్ఞులను ఏరడం సిగ్నెటీకి ఉన్న కన్ను. ఆ కన్ను లేని కోచ్‌కు ఫైవ్ స్టార్లే దిక్కు.

గణాంకాల గోపాల్

ఇద్దరి మాటా కలిసే చోటు ఒకటుంది. 2025 డ్రాఫ్టు చూడండి. 16వ స్థానంలో అరిజోనా వాల్టర్ నోలెన్‌ను తీసుకుంది. ఆ వెంటనే 17వ స్థానంలో సిన్సినాటి షెమార్ స్టూవర్ట్‌ను తీసుకుంది. ఒకే క్లాసులో, ఒకే లైన్‌లో చేరిన ఇద్దరు కుర్రాళ్లు మొదటి రౌండులో పక్కపక్కన! పరిశీలకుల అంచనా గాలివాటం అయితే ఇలా జరగదు.

ఇప్పుడు రెండో వైపు. నోలెన్ చివరి సీజను ఆడింది ఓల్ మిస్‌కు. స్టూవర్ట్ మూడేళ్లూ కాలేజ్ స్టేషన్‌లోనే ఉన్నాడు, కానీ మూడేళ్లలో అతని సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) మొత్తం నాలుగున్నర. ఎన్ఎఫ్ఎల్ అతని శరీరాన్ని, వేగాన్ని చూసి తీసుకుంది. ఆ ప్రతిభ నుంచి ఏ అండ్ ఎం పొందింది ఎంత? ఇక వీగ్‌మన్. 2022లో కొత్త కుర్రాడిగానే ఎల్ఎస్‌యూను 38-23తో ఓడించాడు. తర్వాతి ఏడాది సెప్టెంబరులోనే గాయపడ్డాడు. 2024లో అదే ఎల్ఎస్‌యూతో, అదే 38-23 తేడాతో గెలిచిన ఆటలో అతని స్థానంలోకి రీడ్ వచ్చాడు. ఇప్పుడు వీగ్‌మన్ హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. 2024లో 4-8గా ఉన్న ఆ జట్టును 2025లో గెలుపు బాట పట్టించాడు.

కైల్‌ఫీల్డ్ కృష్ణ

నేను మొదట్లో అన్నదానికి గోపాల్ గారు సాక్ష్యం తెచ్చారు. నోలెన్, స్టూవర్ట్ పక్కపక్కన డ్రాఫ్టయిన రాత్రి నా ఫోనుకు అభినందనలు వచ్చాయి. సంతోషించలేకపోయాను.

ఉండిపోయినవాళ్ల గురించి కూడా రాయాలి, వాళ్ల పేర్లు ఎవరూ ఎత్తడం లేదు. లెవియాన్ మాస్. బేటన్ రూజ్ నుంచి, ఎల్ఎస్‌యూ గుమ్మం ముందు నుంచి వచ్చిన రన్నింగ్ బ్యాక్. ఫైవ్ స్టార్ కాదు. 2024లో మోకాలు దెబ్బతిని సీజను పోయింది. అప్పుడు వెళ్లలేదు, కోచ్ మారినప్పుడూ వెళ్లలేదు. మళ్లీ లేచి 2025లో ఆడాడు. బోమాంట్ కుర్రాడు బ్రైస్ ఆండర్సన్, సేఫ్టీ, అతనూ అంతే. ఆ క్లాసు పేరు చెబితే నాకు గుర్తొచ్చేది వీళ్లే.

నా ప్రతిపాదన ఇది. ఇకమీదట ప్రతి డిసెంబరులో కొత్త ర్యాంకు గురించి వాదించేటప్పుడు, మూడేళ్ల కిందటి క్లాసును కూడా పక్కన పెడదాం. ఎంతమంది మిగిలారు, మిగిలినవారిలో ఎంతమంది మొదటి పదకొండులో ఉన్నారు. ఈ రెండూ రాద్దాం.

ఆస్టిన్ అరవింద్

నేను సిద్ధం. టెక్సస్‌ది నేను రాస్తాను. మా దగ్గర్నుంచీ వెళ్లినవాళ్లున్నారు, దాచను.

బుల్‌డాగ్ బాబాయి

జార్జియాది నాకు వదిలేయండి. ఒక్క షరతు. వెళ్లినవాడు ఎక్కడికి వెళ్లాడో, అక్కడ ఆట దొరికిందో లేదో కూడా రాయాలి. ఆట దొరకక వెళ్లినవాడికీ, కోపంతో వెళ్లినవాడికీ తేడా ఉంది.

ఫ్రిస్కో అమ్మ

డిగ్రీ పూర్తయిందో లేదో కూడా రాస్తారా? వీలైతేనే.

గణాంకాల గోపాల్

ప్రతి ఒక్కరిదీ బయటికి తెలియదు అమ్మా. తెలిసినంతవరకు ఒక వరుస పెడతాను, మంచి సూచన.

హౌడీ హరిత

అరవింద్ గారూ, ఈ నవంబరులో టెక్సస్ ఆట మళ్లీ కైల్ ఫీల్డ్‌లోనే. 2024లో మీరు ఇక్కడికొచ్చి 17-7తో గెలిచి వెళ్లారు, కిందటి నవంబరులో ఆస్టిన్‌లో 27-17. రెండూ బాకీ ఉన్నాయి. మీ పట్టిక పట్టుకుని రండి, ఆట ముందురోజు అర్ధరాత్రి యెల్ (అభిమానులంతా స్టేడియంలో చేరి నినాదాలు చేసే సభ) అయ్యాక మా అపార్టుమెంటులో పులిహోర, చర్చ రెండూ ఉంటాయి. కొత్త తమ్ముడూ, నువ్వు కూడా రా. విద్యార్థుల టికెట్ల వరుసలో ఎప్పుడు నిలబడాలో నాకు సందేశం పంపితే చెబుతాను.

ఆస్టిన్ అరవింద్

వస్తాను. నారింజ రంగు చొక్కాతోనే వస్తాను.